నూతికి ఆరు మూరల దూరంలో

ఆ సోమవారం మా బావ సన్యాసిరావు బెల్లం మార్కెట్టు నుంచి మధ్యాహ్నానికే ఇంటికి వచ్చేశాడు. మేనత్త కొడుకు కనుక మా పెళ్ళయి పదేళ్ళు దాటినా నాకు అతను బావే. బెల్లం దిమ్మలు తూచే కాటా దగ్గర గుమాస్తా పని. చిన్న చిన్న నలతలకి కాటా వదిలి వచ్చే మనిషి కాదు.

"ఏటో బాగులేదే రత్నం. తల పగిలిపోతంది. కాటా ముల్లు రెండుగా అవుపడతంది," అని చాప మీద వాలిపోయాడు.

నుదురు కాలుతోంది. అయినా నేను కంగారు పడలేదు. జ్వరానికి కంగారు పడకపోవడమే నా గొప్ప అనుకునే రోజులవి.

ఆ గొప్ప ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. అంతకు మూడేళ్ళ క్రితం ఒక ప్రకృతి వైద్యుడు మా అనకాపల్లిలో ఉపన్యాసం ఇచ్చాడు. నాకు అప్పుడు విడవని తలనొప్పి. ఆయన చెప్పినట్టు కాఫీ మానేస్తే నెల తిరక్కుండా తగ్గిపోయింది. ఇంకేం, కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు అయింది నా వ్యవహారం. దంపుడు బియ్యం, మట్టికుండలు, పెరట్లో ఆకుకూరలు, అరటి. ఇంగ్లీషు మందు గడప దాటకూడదు. పాకీమనిషిని రావద్దని, పెరట్లోనే గొయ్యి తవ్వించి, ప్రతిసారీ బూడిద, మన్ను కప్పి, నిండాక దాని మీద అరటిపిలక నాటేదాన్ని. మన మలాన్ని మరో మనిషి నెత్తిన ఎత్తించకూడదని నా పంతం. అది తప్పని ఇప్పటికీ అనుకోను. నీళ్ళు మాత్రం కాచనిచ్చేదాన్ని కాదు. కాచిన నీళ్ళు చచ్చిన నీళ్ళని కనిపించిన వాళ్ళందరికీ చెప్పేదాన్ని.

"నీళ్ళకి కూడా పేణం ఉంటాదేటే?" అని బావ నవ్వేవాడు. నవ్వుతూనే నూతినీళ్ళు తాగేవాడు.

ఆ ఏడు ఎండలకి అరటి వాడిపోతుంటే, కొత్త గొయ్యి నూతి పక్కనే తవ్వించాను. తోడినప్పుడు ఒలికిన నీళ్ళు అటే పారతాయి, చెట్లకి ఎరువూ తడీ ఒకచోటే దొరుకుతాయని నా తెలివి. గోడ అవతలి బీబమ్మ చూసింది. ఆమె భర్త గిన్నెలకి కళాయి పూస్తాడు. నేను ఆమెని అత్తా అని పిలుస్తాను.

"అమ్మాయ్, ఆ గొయ్యి నూతికి మరీ దగ్గరైపోనాది. వానలొత్తే ఏటవుతాదో సూసుకున్నావా?"

"మన్ను కడగలేని మురికి లేదత్తా," అన్నాను. ఆమె తల ఊపి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రోజుల్లోనే చీడికాడ నుంచి మా తమ్ముడు వచ్చాడు. చాలా రోజులు జ్వరం పడి లేచాడు, మనిషి ఇంకా నీరసంగా ఉన్నాడు. రెండు వారాలు ఉంచుకుని, పొట్టకి మట్టిపట్టీలు వేసి, పళ్ళరసాలు పోసి పంపాను. కోలుకుని వెళ్ళాడు. నేనే బాగుచేశానని వీధంతా చెప్పుకున్నాను. వాడు వెళ్ళాక వానలు పట్టుకున్నాయి. తర్వాత కొన్నాళ్ళకే ఆ సోమవారం.

బావకీ అదే వైద్యం మొదలుపెట్టాను. ఉపవాసం, నిమ్మనీళ్ళు, మట్టిపట్టీలు. జ్వరం రోజుకింత పెరిగిందే గాని దిగలేదు. నాలుక తెల్లగా పూత పూసింది. ఎనిమిదో రోజున కళ్ళు తెరిచే ఉన్నాడు గాని నన్ను పోల్చుకోలేదు. గోడకేసి చూస్తూ, "ఇంకో దిమ్మ ఎట్టండ్రా," అంటున్నాడు. అప్పుడు భయం పుట్టింది నాకు. అప్పటికీ డాక్టరు కోసం వెళ్ళలేదు. బీబమ్మ వచ్చి చూసి, నన్ను అడగకుండానే భర్తని పంపి డాక్టరుని పిలిపించింది.

డాక్టరు పొట్ట నొక్కి చూశాడు. "టైఫాయిడ్ లా ఉంది. వైడాల్ టెస్ట్ కి బ్లడ్ పంపుతాను. రిజల్ట్ కోసం ఆగడానికి లేదు. క్లోరాంఫెనికాల్ క్యాప్సూల్స్ ఇస్తున్నాను. ఆరు గంటలకి ఒకసారి. నేను ఆపమనేదాకా ఆపకండి."

టెస్ట్ పాజిటివ్ వచ్చింది. అయిదో రోజుకి జ్వరం దిగింది. ఇక్కడే నేను చేసిన రెండో తప్పు. రోగం పోయింది, ఇంకా ఈ విషం ఎందుకని మిగిలిన క్యాప్సూల్స్ ఉప్పుజాడీ వెనక దాచేశాను.

"డాకటేరు ఆపమన్నాడా?" అన్నాడు బావ.

"నాను సెప్తన్నాను కదా, బావా."

"అయితే సరే," అన్నాడు. ఆ రెండు మాటలు నాకు ఇప్పటికీ చెవిలో వినిపిస్తాయి.

నూతినీళ్ళు పోసి చిలికిన మజ్జిగ ఇస్తూ వచ్చాను. పదిరోజులు తిరక్కుండా జ్వరం మళ్ళీ వచ్చింది. ఈసారి విరేచనంలో నెత్తురు పడింది. టాక్సీలో విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేసరికి పెదాలు తెల్లగా పాలిపోయాయి.

"రిలాప్స్ అయింది. పేగులో హెమరేజ్. రెండు రోజులు గడిస్తే గాని ఏమీ చెప్పలేను," అన్నాడు అక్కడి డాక్టరు. చేతికి సెలైన్ పెట్టి, బ్లడ్ ఎక్కించారు. తర్వాత నన్ను వరండాలో కూర్చోబెట్టి అడిగాడు. "ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఇలాంటి జ్వరం వచ్చిందా?"

"మా తమ్ముడికండీ. నానే బాగుసేసి..." అని గొప్పగా మొదలుపెట్టాను. వాడిదీ ఇదే జ్వరమని అప్పుడు తట్టింది.

"జ్వరం తగ్గినా కొన్నాళ్ళు మలంలో ఈ క్రిమి పడుతూనే ఉంటుంది. మీకు లెట్రిన్ ఎక్కడ?"

గోతి సంగతి చెప్పాను.

"నూతికి ఎంత దూరం?"

"ఆరు మూరలండీ."

క్యాప్సూల్స్ ఆపిన సంగతి కూడా అప్పుడే చెప్పేశాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అమ్మా, ప్రకృతి అంటే మీ పెరట్లో అరటిచెట్టు ఒక్కటే కాదు. ఈ క్రిమి కూడా ప్రకృతే," అని లేచి వెళ్ళిపోయాడు.

ఆ రెండు రోజులూ వరండాలో కూర్చుని ఒక్కటే అనుకున్నాను. బావ పోతే చంపింది టైఫాయిడ్ కాదు, నేను. అవే నీళ్ళు నేనూ తాగాను. నాకు రాలేదు. చిన్నప్పుడెప్పుడో వచ్చి పోయి ఉంటుందని డాక్టర్లు అన్నారు. ఆ జ్వరమేదో నాకిచ్చి బావని వదలమని మొక్కుకున్నాను కూడా.

మూడో రోజు నెత్తురు ఆగింది. ఇంటికి రావడానికి నెల పైనే పట్టింది. జుట్టంతా రాలిపోయి, మంచం పట్టె పట్టుకుని నడిచేవాడు. ఇంటికి వచ్చిన వెంటనే ఆ గొయ్యి పూడ్పించి, నూతినీళ్ళు తోడించి, బ్లీచింగ్ పౌడర్ వేయించాను. కళాయి పూసిన రాగిబిందె ఒకటి బీబమ్మ తెచ్చి పొయ్యి మీద తనే పెట్టింది. "అప్పుడే గట్టిగా సెప్పవలసింది, నాదీ తప్పే," అంది. ఆ మాటకి నాకు ఏడుపు ఆగలేదు.

రెండేళ్ళు దాటింది. బావ ఇప్పుడు ఒంటిపూటే కాటా దగ్గర కూర్చుంటున్నాడు. దిమ్మ ఎత్తనివ్వను. మేము ఇప్పటికీ దంపుడు బియ్యమే తింటాం, కాఫీ లేదు, అరటీ ఉంది. గొయ్యి కూడా ఉంది, పల్లానికి, పెరటి చివర. పెరట్లో గొయ్యి పెట్టుకునేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. తవ్వేముందు నూతి దగ్గర నుంచి అడుగులు కొలవండి. యాభై అడుగులకి తగ్గకూడదన్నది పెద్దాసుపత్రి డాక్టరు నాతో చెప్పిన లెక్క. అంత జాగా లేకపోతే తవ్వకండి.

రోజూ మార్కెట్టు నుంచి రాగానే బావ అరుగు మీద కూర్చుని చెయ్యి చాపుతాడు. "రత్నం, ఆ సచ్చిన నీళ్ళు ఓ గళాసు ఇలాగియ్యి," అని నవ్వుతాడు. నాకు ఇంకా నవ్వు రాదు. కాచి చల్లార్చిన నీళ్ళు గ్లాసులో పోసి ఇచ్చి, అతను ఆఖరి చుక్క తాగేదాకా అక్కడే నిలబడతాను.