చుక్క కారని ఇల్లు

నిన్న మా ఇంట్లో ఒక్క చుక్క కారలేదు బావా! అంత గాలివానలో మా సందు మొత్తానికి పొడిగా ఉన్న ఇల్లు మాదొక్కటే. అయినా ఇంటిల్లిపాదీ తడిసి ముద్దయిపోనాం. ఎలాగంటావా? టీ సెప్పు, సెప్తాను.

మొన్నటి గాలికి మా వంటింటి పక్క పెంకులు లేసిపోయి సందులో పడ్డాయి. సరిగ్గా ఆ కిందే బియ్యం బస్తాలు! సొంత పొలంలో పండినవని మా అత్త ఎలమంచిలి నుంచి తెచ్చింది. ఆవిడింకా మా ఇంట్లోనే ఉంది.

"మేస్త్రీని పిలు అల్లుడూ," అంది.

"ఈ వానలో మేస్త్రీ ఎక్కడొస్తాడత్తా? అయినా నానుండగా మేస్త్రీ ఎందుకు? పోర్టులో ఎరువు గుట్టలమీద టార్పాలిన్లు కట్టీది నానే! ఓడొచ్చి గుద్దినా నా ముడి ఊడదు."

"ఎరువు ఏరు, ఇల్లు ఏరు నాయనా."

ఆ మాట పొడిసినట్టయింది. లారీ తోలే మా దోస్తు దగ్గరికెళ్లి పెద్ద టార్పాలిన్ తెచ్చినాను. ఎగిరిపోయిన పెంకుల మేరకు కప్పితే సాలు. కానీ అత్త కిందనుంచి సూత్తంది కదా! కప్పంతా కప్పీసినాను. ఓ తాడు కొబ్బరి సెట్టుకి, ఓటి నూతి స్తంభానికి, మిగిలినవి కిటికీ ఊసలకి. కాలు తన్నిపెట్టి బిగించి మరీ ముళ్లేసినాను.

వాన మళ్లీ దబదబా మొదలైంది. లోపలికెళ్లి సూత్తే, చుక్క లేదు!

"సూసినావా అత్తా?"

"బాగానే కట్టినావు," అంది. అంతేనా, మా ఆవిడ్ని పిలిసి, "ఒసే, అల్లుడికి టీ పెట్టు," అంది. అదీ గౌరవం! కాలుమీద కాలేసుకుని కూకున్నాను.

మా ఆవిడ పొయ్యి ఎలిగించింది. కట్టెలా, తడి కట్టెలు. పొగ పోడానికి వంటింటి కప్పులో ఓ సందుంటాది కదా? దానిమీద కూడా నా టార్పాలినే! పొగ ఎటు పోద్ది? ఇల్లంతా కమ్మీసింది.

"మావా, కళ్లు కనపడ్డం లేదు!" అని దగ్గుతా మా ఆవిడ బయటికి, ఎనకాలే అత్త, ఆళ్లెనక నాను. అందరం వానలో!

పక్కింటి సూరమ్మక్క సూసి ఒకటే అరుపు. "అప్పారావు ఇల్లు అంటుకుంది, రండర్రా!"

సందులో జనమంతా బిందెలతో వచ్చీసినారు. "మంటెక్కడ? మంటెక్కడ?" అని నన్నే అడుగుతన్నారు.

"మంట లేదండీ, టీ పెట్టుకుంటన్నాం," అన్నాను.

నిచ్చెనెక్కి వంటింటి వైపు ముడి విప్పబోయినాను. తడిసి బిగుసుకుపోనాది. గోళ్లతో పీకినాను, పళ్లతో లాగినాను. అబ్బే! అత్త కిందనుంచి కత్తి అందిత్తంది.

"కోసీ అల్లుడూ!"

"నా ముడిని నాను కోసుకోడమేటి? కొయ్యను!"

జనం నవ్వుతన్నారు, నాకు లోపల్లోపల ఒకటే గర్వం. సూసినారా ముడంటే ఎలాగుంటాదో! సివరికి అత్తే తడిగుడ్డ మొహానికి సుట్టుకుని లోపలికెళ్లి పొయ్యిలో నీళ్లు కుమ్మరించీసింది.

పొగ పోనాక ఆవిడ తిన్నగా బస్తా దగ్గరికెళ్లి సెయ్యి పెట్టింది. బియ్యం ఏళ్ల సందుల్లోంచి గలగలా జారినాయి. నవ్వీసింది.

"గింజ తడవలేదు నాయనా. మనుషులే తడిసినారు."

మా పొయ్యి సల్లారిపోనాది కదా, టీకి సూరమ్మక్క పిలిసింది. ఆవిడింట్లో ఎక్కడ సూసినా గిన్నెలే, కారుతున్న వాన పట్టడానికి. నాకు ఛాతీ ఉబ్బిపోతంది. గ్లాసు కింద పెట్టి, "అక్కా, మా దోస్తునడిగి ఇంకో టార్పాలిన్ తెస్తాను. మీ ఇంటికీ కట్టీమంటావా?" అన్నాను.

ఆవిడ గబగబా పొయ్యిలో ఇంకో కట్టె తోసింది.

"కట్టుదువుగానీ తమ్ముడూ, ముందు నన్ను రేపటిక్కూడా వంట సేసీసుకోనీ!"