మేక గారు పుచ్చుకున్న తాంబూలం

మా అమ్మాయి పెళ్లి కుదిరిందండీ! ఈ ముక్క రాస్తుంటే సంతోషంతో చెయ్యి ఆగడం లేదు, కళ్ళూ ఆగడం లేదు. ఎందుకంటే ఈ కబురు అందరికన్నా ముందు ఎవరికి చెప్పాలో ఆ మనిషి, కబురొచ్చిన రోజు తెల్లారగట్లే వెళ్ళిపోయారు. ఉయ్యూరు దాటాక చెరుకు చేల మధ్య చిన్న జంతువుల తోట నడిపేవారు. విజయవాడ నుంచి ఆదివారం పూట పిల్లల్ని తీసుకుని వెళ్ళిన వాళ్ళకి ఆయన తెలిసే ఉంటారు. మేమంతా తోటాయన అనేవాళ్ళం, ఎదురుగా మాత్రం నేను బావగారూ అని పిలిచేవాణ్ణి.

నేను చదివింది ఏడో తరగతి. ఆటోనగర్‌లో లారీల మీద అక్షరాలు రాసి బతికినవాణ్ణి. బోర్డు రాయమంటే రాస్తాను గాని, ఒక మనిషి గురించి రాయడం నాకు అలవాటు లేదు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఆయనతో పరిచయం కూడా బోర్డుల వల్లే. చాలా ఏళ్ళ కింద ఒక పొద్దున షెడ్డు దగ్గరికొచ్చి, "పెయింటరుగారూ, మా తోటలో జంతువులకి పేర్లు రాయాలండీ" అన్నారు. డబ్బాలు, కుంచెలు సంచీలో వేసుకుని వెళ్ళాను. వెళ్ళి చూస్తే అదేం పెద్ద జూ కాదు. నాలుగు మేకలు, కుందేళ్ళు, బాతులు, గిన్నెకోళ్ళు, ఎప్పుడూ కోపంగా ఉండే ఒక టర్కీ కోడి. ఎవరో ఈమూల పెంపకం పెట్టి, దివాలా తీసి, రోడ్డు మీద వదిలేసి పోతే తెచ్చుకున్న రెండు ఈమూ పక్షులు. ఇంకా ఒక తెల్ల గుర్రం. ముసలిది, ఒక కన్ను మసక. వయసులో ఉన్నప్పుడు పెళ్లి ఊరేగింపుల్లో తిరిగేదట. ఓపిక తగ్గాక దాని యజమాని అమ్మేస్తుంటే ఈయన తోలుకొచ్చుకున్నారు.

నేను 'మేక' అని రాసి కిందికి దిగాను. ఆయన చూసి, "గారు ఏదండీ?" అన్నారు.

"మేకకి గారేంటండీ?"

"పెట్టండి చెబుతాను. గారు పెట్టి పిలిచినవాళ్ళ మీద ఎవరూ రాయి వెయ్యరండీ."

సరేనని అన్నిటికీ గారు రాశాను. మేక గారు, కుందేలు గారు, టర్కీ కోడి గారు, గుర్రం గారు. రాస్తుంటే నాకే నవ్వొచ్చింది. గానీ నవ్విన ఆ నోటితోనే తర్వాత్తర్వాత నేనూ గారు అనడం నేర్చుకున్నాను. ఆయన మాట నిజం. గడుగ్గాయి పిల్లలు కూడా ఆ బోర్డు కూడబలుక్కుని చదివి, చేతిలో బెడ్డ కింద పడేసి, "మేక గారూ, క్యారెట్ తింటారా?" అని అడిగేవాళ్ళు. వాళ్ళ అమ్మానాన్నలు చెట్టు కింద దుప్పటి పరుచుకుని పులిహోర తింటూ నవ్వేవాళ్ళు.

ఆయనకి పిల్లల్లేరు. ఎవరైనా అయ్యో పాపం అంటే, "ఆదివారం రండి, ఎంతమంది ఉన్నారో చూద్దురుగాని" అనేవారు. సాయంత్రం గేటు వేశాక ఒక్కొక్క దడి దగ్గరా ఆగి, "పొద్దున్నే వస్తానండీ" అని చెప్పిగాని ఇంట్లోకి వెళ్ళేవారు కాదు. ఇల్లంటే ఎక్కడో కాదు, ఆ తోటలోనే. పది అడుగుల దూరానికి అంత వీడ్కోలు ఏంటండీ అని నేను వేళాకోళం చేస్తే, "వాళ్ళకి గడియారాలు లేవుగా పెయింటరుగారూ, నా మాటే వాళ్ళకి టైము" అన్నారు. పోయే ముందు రోజు సాయంత్రం కూడా అన్ని దడుల దగ్గరా ఆగి ఆ మాట చెప్పే లోపలికి వెళ్ళారట.

ఆ గుర్రం గారికి ఒక అలవాటుంది. రోడ్డు మీద ఎక్కడ బ్యాండు మేళం వినపడినా నిలబడ్డచోటే కాళ్ళు ఎత్తి దించుతుంది. ఒక్కొక్క కాలూ అంత ఎత్తుకి లేపి, మెడ వంచి, పెళ్లికొడుకుని ఎక్కించుకున్నట్టే. తోటాయన పరుగున వెళ్ళి దాని మెడ నిమురుతూ, "మన పెళ్లి కాదులెండి, మన పెళ్లి కాదు" అని చెప్పేవారు. ఆ మాట వినేదాకా ఆపేది కాదు.

ఇప్పుడు మా అమ్మాయి సంగతి చెప్పాలి. ల్యాబ్‌లో పని చేస్తుంది, రక్తపరీక్షలు అవీ. మనిషి పొడుగు. ముప్పై దాటింది. వచ్చినవాళ్ళలో ఒకళ్ళు పొడుగన్నారు, ఒకళ్ళు వయసన్నారు, ఒకళ్ళు ఉద్యోగం మానెయ్యాలన్నారు. ఆఖరిసారి వచ్చినవాళ్ళు అబ్బాయి పక్కన నిలబెట్టి కొలిచి చూశారు. వాళ్ళు మెట్లు దిగగానే అమ్మాయి ట్రే వంటింట్లో పెట్టి, "నాన్నా, ఇంక నన్ను ఆ సోఫాలో కూర్చోబెట్టకు" అంది. అరవలేదు, ఏడవలేదు. అరిచినా బాగుండేది. నేను మాట ఇచ్చాను.

అప్పుడొచ్చింది హనుమాన్ జంక్షన్ సంబంధం. అబ్బాయికి బ్యాటరీల షాపు, తండ్రి లేడు, తల్లే. మంచివాళ్ళని తెలిసినవాళ్ళు చెప్పారు. నేనేమో మాట ఇచ్చి కూర్చున్నాను. ఏం చెయ్యాలో తోచక తోటకెళ్ళి ఆయన దగ్గర వాపోయాను.

"సోఫా వద్దంది గాని చెట్టు వద్దనలేదుగా! రెండు కుటుంబాల్నీ ఆదివారం ఇక్కడికి రమ్మనండి. పిల్లలిద్దరూ మేకలకి గడ్డి పెట్టుకుంటారు, మీరు భోజనాలు చెయ్యండి. చూపులనే మాట ఎత్తకండి" అన్నారు.

అమ్మాయికి దాచకుండా చెప్పాను. కాసేపు ఆలోచించి, "ఈమూ గారి పక్కన నిలబడితే నేను పొట్టిదాన్నే కదా, పద" అంది.

ఆ ఆదివారం మా ఇంటిల్లిపాదీ, గుడివాడ నుంచి మా అక్కయ్యా, జంక్షన్ నుంచి అబ్బాయీ వాళ్ళమ్మా. అబ్బాయి మా అమ్మాయి కన్నా రవ్వంత పొట్టి. మంచివాడు గాని ఎవరితోనూ మాట్లాడడు. ఈమూ దడి మీంచి మెడ చాచి అబ్బాయి చొక్కా గుండీ పట్టుకుని లాగింది. పాపం అమాంతం వచ్చి మా అమ్మాయి వెనక దాక్కున్నాడు! అమ్మాయి పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళైందో! తోటాయన అటు చూడనట్టే బాతులకి నూకలు చల్లుతున్నారు.

వెళ్ళేటప్పుడు అబ్బాయి తల్లికి బొట్టు పెట్టి ఇద్దామని మా ఆవిడ పళ్ళెంలో తమలపాకులు, వక్కలు, అరటిపళ్ళు సర్ది అరుగు మీద పెట్టింది. కుంకుమ భరిణె కోసం ఇటు తిరిగిందో లేదో, మేక గారు వెనకనించి వచ్చి ఆకులన్నీ నమిలేశారు. ఒక్క ఆకు మిగల్లేదు.

"హయ్యో! తాంబూలం! ఇదేం అపశకునం రా తమ్ముడూ!" అని మా అక్కయ్య చెంపలు వేసుకుంది. అబ్బాయి తల్లి మొహం మాడిపోయింది. ఇంక ఈ సంబంధమూ పోయినట్టే అనుకున్నాను.

తోటాయన నింపాదిగా వచ్చి, మేక గారి గెడ్డం పట్టుకుని చూసి, "తాంబూలం మావాళ్ళు పుచ్చుకున్నారండీ. ఇంక మాట తిరగడానికి లేదు" అన్నారు.

అబ్బాయి నవ్వాడు, అమ్మాయి నవ్వింది. పెద్దవాళ్ళు మాత్రం నవ్వలేదు. "ఇంటికెళ్ళి ఫోన్ చేస్తాం" అని అబ్బాయివాళ్ళు వెళ్ళిపోయారు.

తిరుగు బస్సులో అమ్మాయిని అడిగాను. కిటికీలోంచి చూస్తూ, "భయమేస్తే దాక్కున్నాడు నాన్నా. వేషాలు వెయ్యలేదు" అంది. అంతే. అంతకన్నా నాకేం కావాలి!

తర్వాత ఫోన్ రాలేదు. రోజులు గడుస్తున్నాయి, వారాలు గడుస్తున్నాయి. తోటాయన మాత్రం సాయంత్రం దడులన్నీ తిరిగి వచ్చాక నాకు ఫోన్ చేసేవారు. "కబురొచ్చిందా?" లేదనేవాణ్ణి. "వస్తుంది. పుచ్చుకున్నవాళ్ళు మావాళ్ళు, నాదే పూచీ. మీ అమ్మాయి పెళ్లికి గుర్రం గారిని నేనే నడిపించుకొస్తాను, ఈసారి 'మన పెళ్లే' అని చెప్పాలిగా" అనేవారు.

ఆ పొద్దున కాఫీ తాగుతుంటే జంక్షన్ నుంచి ఫోన్. అబ్బాయి తల్లి. "అన్నయ్యగారూ, ఆ రోజు తాంబూలం మేక తినేసింది కదా, ఈసారి మేమే తెస్తున్నాం. కాస్త ఎత్తులో పెట్టుకోండి. మా వాడు అప్పటినుంచీ ఆ మేక గారి మాట తలుచుకుని నవ్వుతున్నాడండీ. వాళ్ళ నాన్న పోయాక వాడు నవ్వడం ఇదే మొదలు" అన్నారు.

ఎగిరి గంతేశాను. మా ఆవిడ ఏడుస్తోంది, నవ్వుతోంది. అక్కయ్యకి కూడా చెయ్యకుండా ముందు తోటాయనకే చేశాను. ఎత్తగానే, "బావగారూ!" అని కేకేశాను. అటునుంచి ఆయన అన్నగారి కొడుకు. "బాబాయి తెల్లారగట్ల పోయారండీ. నిద్దర్లోనే" అన్నాడు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. అందులో ఉన్న మాట ఎక్కడ పెట్టుకోను?

అప్పుడు అక్కయ్యకి చెప్పాను, రెండు కబుర్లూ. "శుభకార్యం పెట్టుకుని చావింటికి వెళతావా? పదకొండో రోజు దాటాక వెళ్ళి పలకరించు. పిల్లని అసలు తీసుకెళ్ళకు" అంది. పెద్దది, పిల్ల మంచికే చెప్పింది. నేను చెప్పులు వేసుకుంటూ ఆగాను. విప్పాను. మళ్ళీ వేసుకున్నాను. అమ్మాయి ల్యాబ్‌కి ఫోన్ చేసి సెలవు చెప్పి వచ్చి, "పద నాన్నా, నేనూ వస్తున్నాను" అంది.

వెళ్ళేసరికి ఆయన్ని అరుగు మీద పడుకోబెట్టారు. మేక గారు తాంబూలం పుచ్చుకున్న అరుగే అది. అమ్మాయి వెళ్ళి తోటాయన భార్య పక్కన కూర్చుంది. ఆవిడ అంత దుఃఖంలోనూ తల ఎత్తి, "రాత్రి కూడా అడిగారమ్మా, కబురొచ్చిందో లేదో అని. వచ్చిందా?" అన్నారు.

ఆ ఇంట్లో, ఆ శవం ముందు, పెళ్లి మాట ఎలా అనడం! అమ్మాయి ఆవిడ చెయ్యి పట్టుకుని, "కుదిరింది అత్తయ్యగారూ" అంది మెల్లిగా.

ఆవిడ గొల్లుమన్నారు. అమ్మాయిని గుండెకి పొదువుకున్నారు. కాసేపటికి నా వంక తిరిగి, "అన్నయ్యగారూ, దింపుడు కళ్ళం దగ్గర మీరే చెప్పండి. ఆయన వింటారు" అన్నారు.

తోట దడి మూల మలుపు తిరిగాక, కాలవ గట్టు ఎక్కేముందు పాడె దింపారు. పోయినవాళ్ళని చెవిలో ఆఖరిసారి పిలిచి చూసేది అక్కడే కదా. డప్పులు ఆపించారు. అన్నగారి కొడుకు వంగి, "బాబాయ్, బాబాయ్, బాబాయ్" అని మూడుసార్లు పిలిచి పక్కకి జరిగాడు. నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆయన చెవి దగ్గర అప్పటికీ పసుపు, గడ్డి వాసన కలిసి వస్తోంది.

"బావగారూ! మా అమ్మాయి పెళ్లి కుదిరిందండీ!"

గట్టిగానే అన్నాను. సంతోషంగానే అన్నాను, అది సంతోషంగా చెప్పాల్సిన మాట. చుట్టూ ఉన్నవాళ్ళు ఏమనుకున్నారో నాకు తెలీదు. ఒక్క క్షణం నిజంగానే చూశాను, ఆ పెదవులు కదులుతాయేమోనని.

మళ్ళీ డప్పులు మొదలయ్యాయి. పాడె లేచింది. దడి అవతల తెల్లగా ఏదో కదిలితే చూశాను. గుర్రం గారు. నిలబడ్డచోటే కాళ్ళు ఎత్తి దించుతున్నారు. ఒక్కొక్క కాలూ అంత ఎత్తుకి లేపి, మెడ వంచి. నిమిరి చెప్పే మనిషేమో నలుగురి భుజాల మీద వెళుతున్నారు. డప్పులు దూరమైపోయినా ఆ కాళ్ళు ఆగలేదు.

ఇంకా చెప్పాల్సినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇబ్రహీంపట్నంలో మా బావమరిదికి చెప్పాలి. కైకలూరులో మా ఆవిడ పిన్నికి, ఆవిడకి చెవుడు, రెండుసార్లు చెప్పాలి. మచిలీపట్నంలో మా మేనత్త కొడుకులకి చెప్పాలి, పెద్దవాడికి ముందు చెప్పకపోతే అలుగుతాడు. గుడివాడ అక్కయ్యకి, చావింటికి వెళ్ళొచ్చామని కూడా చెప్పాలి. ఈమూ గార్లకీ టర్కీ కోడి గారికీ చెప్పాలి. మేక గారికి అక్కర్లేదు, ఆవిడకి అందరికన్నా ముందే తెలుసు. గుర్రం గారికి మాత్రం నేనే వెళ్ళి మెడ నిమిరి చెప్పాలి. ఆ రోజు వెళ్ళింది మన పెళ్లి కాదులెండి, మన పెళ్లి ముందుంది, అని.