దేవకిరీటం కాయల చేదు

వగియెం చేతి కషాయాన్ని పోనిరాన్ మొదటిసారి తాగింది వానలో. అమ్మే కషాయాల సీసాల బుట్టను వీపున కట్టుకుని బంతుల్ ఊరి రోడ్డు మీద ఆమె తడుస్తూ నడుస్తుంటే అతను రిక్షా ఆపి ఎక్కించుకున్నాడు. దిగాక బాడుగ వద్దన్నాడు. ఊరికే ఎక్కానన్న మాట రాకూడదని ఆమె ఒక గ్లాసు పోసి ఇచ్చింది. తడబాటులో చేతికొచ్చింది బుట్టలోకెల్లా చేదు సీసా. అతను కళ్లలో నీళ్లు తిరుగుతుండగా చివరి చుక్కదాకా తాగి, "తియ్యగా ఉంది" అన్నాడు.

"ఆ అబద్ధానికే ఇతన్ని చేసుకున్నాను," అని తరవాత చాలా ఏళ్లు, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఆమె చెప్పుకుంది.

పిల్లలు లేరు. తెల్లవారకముందే ఆమె పసుపూ చింతపండూ ఉడికించి సీసాలకెత్తుకుని వీధులు తిరిగి అమ్మేది. అతను సంత దగ్గర రిక్షా తొక్కేవాడు. యాభై దాటాక అతని ఎడమకాలి బొటనవేలు వాచింది. దుప్పటి అంచు తగిలినా ఒళ్లంతా ముడుచుకునేవాడు. రక్తంలో యూరిక్ ఉప్పు పెరిగి కీళ్లలో చేరుతోందని క్లినిక్‌లో మాత్రలిచ్చారు.

వగియెంకు మాత్రల మీద నమ్మకం లేదు. పెరట్లో మాను పొడుగునా ఎర్రటి కాయలు అతుక్కుని కాసే దేవకిరీటం చెట్టుంది. గింజ విషమని తీసి పారేసి, కండను పలచగా తరిగి ఎండబెట్టి కాచడం ఆమె తల్లి నేర్పిన పని. వీధిలో కీళ్లు పట్టేసినవాళ్లంతా ఆ కషాయమే తాగేవారు.

దాని సంగతి విని పట్నంలోని ఒక కాలేజీ నుంచి అనింద్య అనే అమ్మాయి వచ్చింది. నిజంగా పనిచేస్తుందో లేదో చూడడానికి ఆ కాయల సారం తీసి సీసాల్లో పోసి వీధివాళ్లకిస్తారట. ముందోసారి, ఆఖర్న ఓసారి రక్తం తీస్తారు. మధ్యలో వారం వారం వచ్చి నొప్పి ఎలా ఉందో అడుగుతారు.

"తగ్గితే తగ్గిందనండి, లేకపోతే లేదనండి," అంది అనింద్య. "పెరిగితే మాత్రం దాచొద్దు. వెంటనే మందు మార్చాలి."

"మా వదిన కాయ కాలేజీకెళ్తోంది," అన్నాడు పక్కింటి తుకిజో, తన వాచిన మోకాలు నిమురుకుంటూ. "నేను ఐదో తరగతిలోనే ఆగిపోయాను. కాయ నన్ను దాటిపోయింది."

వగియెం ఆ రోజు నుంచి తల కాస్త ఎత్తి నడిచింది. తన కాయ నిలబడాలి, దానితోనే తన మొగుడి కాలు బాగుపడాలి. ఆమెకు కావలసింది అంతే.

ఆ వీధిలో, గుమ్మం తొక్కి కుశలమడిగిన మనిషి చేతిలో తమ కష్టం పెట్టి పంపరు. అది మర్యాద కాదు. అనింద్య అరుగు మీద కూర్చుని, "కాలెలా ఉంది బాబాయ్?" అనడిగినప్పుడల్లా పోనిరాన్ ఒక్కసారి పొయ్యి వైపు చూసేవాడు.

"తేలికపడింది తల్లీ."

"నిజంగానా?"

"వచ్చే నెల పరుగు పందెం పెట్టుకుందాం. ఓడితే ఏడవకూడదు మరి."

పొయ్యి దగ్గర వగియెం నవ్వు దాచుకోవడానికి పుల్లలు ఎగదోసేది. తేలికపడిందన్నవాడు మాత్రలు మింగితే బాగుండదు కదా. అతను మాత్రలు మానేశాడు. క్లినిక్ మానేశాడు. మొహం ఉబ్బుతుంటే ఎండలకని ఆమె అనుకుంది.

ఆఖరి రక్తం తీసిన తరవాత అనింద్య తన వారం కాని రోజున పరుగున వచ్చింది.

"బాబాయ్, రక్తంలో ఉప్పు తగ్గలేదు. ఇంకా పెరిగింది. మూత్రపిండాలు కూడా దెబ్బతిన్నాయి. ఇంత నొప్పి పెట్టుకుని నాకెందుకు చెప్పలేదు?"

పోనిరాన్ తప్పు చేసిన పిల్లాడిలా చూశాడు. "అంత దూరం నుంచి వస్తావు. వచ్చినప్పుడల్లా బాగాలేదంటే నీ మొహం చూడగలనా?" గొంతు తగ్గించాడు. "పైగా ఆవిడ వింటూ ఉంటుంది."

ఆవిడ వింది.

ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని వగియెం అడిగింది. "ఒక్క పూటైనా తగ్గిందా?"

"నువ్వు గ్లాసు అందించేటప్పుడు తగ్గేది."

"మళ్లీ అబద్ధం."

అతను నవ్వాడు. వానలు రాకముందే పోయాడు.

ఇంటి ముందు చాపలు పరిచి ప్రార్థనలు చేశారు. అందరూ వెళ్లాక తుకిజో తల వంచుకుని నిలబడ్డాడు. "నాకూ తగ్గలేదు వదినా. వీధిలో ఎవరికీ తగ్గలేదు. నువ్వు చిన్నబుచ్చుకుంటావని..."

"నా మనసు నొప్పించకూడదనుకున్నారు," అంది వగియెం. "అందరూ." ఆ మాటలో కోపం లేదు. అందుకే తుకిజో తల ఎత్తలేకపోయాడు.

మర్నాడు గుమ్మం పక్కనున్న అతని చెప్పులు చేతిలోకి తీసుకుంది. ఎడమ చెప్పు మడమ దగ్గర అరిగి అరిగి చిల్లుపడింది. వేళ్ల వైపు రబ్బరు గీతలు కొన్ననాటి లాగే ఉన్నాయి. ఇన్ని నెలలూ మడమ మీదే నడిచాడు, మడమతోనే తొక్కాడు. రోజూ పొద్దున్నే ఆమె ఆ చెప్పుల్ని జరిపి ఊడ్చింది. మళ్లీ అక్కడే పెట్టింది. వాన రోజు అతని కళ్లలో నీళ్లు చూసి కూడా తియ్యగా ఉందన్న మాటే దాచుకున్న మనిషి ఆమె.

అనింద్య వచ్చేసరికి ఆ చెప్పు ఇంకా ఒళ్లోనే ఉంది. పిల్ల చేతిలో ఈసారి సంచీ లేదు, కాగితాలు లేవు. పక్కన కూర్చుంది. ఏమడగాలో తోచక అలవాటైన మాటే అడిగింది.

"ఎలా ఉన్నారు పిన్నీ?"

తేలికగానే ఉందమ్మా అన్న మాట వగియెం నోటిదాకా వచ్చింది. చిల్లులోకి వేలు పోనిచ్చి చూసుకుంది.

"బాగాలేదు తల్లీ," అంది. "చాలా నొప్పిగా ఉంది."