నాలుగు గీతల నాలుగు

నాకు చదువు చెప్పిన వాళ్ళెవరూ నన్ను తెలివితక్కువవాడని అనలేదు. ఆ పని ఒక గోడగడియారం చేసిపెట్టింది.

అరవయ్యో దశకం మొదట్లో నేను ఇందుకూరుపేటలో లెక్కల అయ్యవారిని. అప్పుడే మిద్దె ఇల్లు కట్టుకున్నాను. వీధి తలుపు తీయగానే ఎదురుగా సున్నం కొట్టిన గోడ, దాని మీద ఏమీ లేదు. ఆ బోసిగోడ నన్ను పీక్కుతినేది. క్యాలెండరు తగిలిద్దామంటే అది బట్టలకొట్టువాడు అందరికీ ఊరికే ఇచ్చేదే. అలాంటి రోజుల్లో కోవూరులో ఒక పెద్ద రైతు ఇంటికి వెళ్ళాను. ఆయన వెనక గోడకు నల్లకొయ్య గడియారం ఒకటి ఉంది, ఎప్పటిదో. దాని కింద కూర్చుని ఆయన ఏం చెప్పినా నాకు నిజమే అనిపించింది. వరికి ఏ ఎరువు వెయ్యాలో చెప్పినా సరే, సినిమాలు ఎందుకు చెడిపోయాయో చెప్పినా సరే. నాకూ అలాంటిదే కావాలనుకున్నాను. కొత్త గడియారం డబ్బున్న ప్రతివాడూ కొంటాడు, పాతదైతే వెనక నాలుగు తరాలున్నట్టు ఉంటుందని నా ఎత్తు.

మా అమ్మకూ గడియారం కావాలి, కానీ గోడ కోసం కాదు. నీటికాసుల జబ్బుతో ఆమెకు రెండు కళ్ళూ పోయాయి. హాల్లో కిటికీ పక్కన నులకమంచం మీద ఉండేది. మనిషి ఎంత రోషగత్తె అంటే, మంచినీళ్ళు కూడా తడుముకుంటూ వెళ్ళి తానే ముంచుకునేది. టైమెంతయిందన్న ఒక్క సంగతి మాత్రం ఎవరినో ఒకరిని అడగక తప్పేది కాదు. ఒకరోజు పొయ్యి దగ్గర సతమతమవుతున్న నా భార్యను "టైమెంతమ్మా?" అని మూడోసారి అడిగింది. "ఇందాకే గదత్తా చెప్పింది!" అంది నా భార్య. విసుక్కున్నది పొగ మీద, ముసలామె మీద కాదు. కానీ ఆ రోజు నుంచి అమ్మ అడగడం మానేసింది. మైపాడు బస్సు హారన్ను బట్టి, చేపలమ్మే ఆడవాళ్ళ కేకలను బట్టి ఊహించుకునేది. బస్సు రాని రోజు ఆమెకు పొద్దే తెలిసేది కాదు.

నేను గడియారానికి నెల్లూరు వెళ్తున్నానని తెలిసి దగ్గరికి పిలిచింది. "నాయనా, గంటలు కొట్టేది తేరా. అన్నం అడగాలన్నా సిగ్గులేదు గానీ, పొద్దెంతయిందని అడగాలంటే నాకు చచ్చేంత సిగ్గుగా ఉండాది" అంది.

"అంతేగదా, గంటలు కొట్టేదే తెస్తాలే" అన్నాను. అప్పటికి మాట నిజమే.

చిన్నబజారు పక్కసందులో పాత గడియారాలు బాగుచేసి అమ్మే సాయిబుగారు ఒకాయన ఉండేవాడు. గడ్డం నెరిసినా చెయ్యి వణకదు. నేను సంగతి చెప్పగానే మూలనుంచి ఒకటి తీసి తుడిచాడు. నల్లగా, మొరటుగా ఉంది. అద్దానికి ఒక మూల పగులు. ముల్లు తిప్పి గంట వినిపించాడు. ఏం నాదమది! కొట్టు బయట రిక్షావాడు తల తిప్పి చూశాడు.

"మొహం బాలేదు గానీ అయ్యోరూ, గొంతు బంగారం" అన్నాడు సాయిబుగారు. "గంటకి గంటలు, అరగంటకి ఒక్కటి. మీ అమ్మగారికి ఇదే సరిపోతాది."

తీసుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ అప్పటికే నా చూపు పక్కనున్న ఇంకో గడియారం మీద పడింది. దాని నెత్తిన రెక్కలు చాపిన కొయ్య గద్ద, అటూ ఇటూ నగిషీ స్తంభాలు, పాలలాంటి తెల్లటి మొహం, దాని మీద చక్కటి మామూలు అంకెలు. మా గోడకే పుట్టినట్టుంది.

"దానికి గంట లేదు అయ్యోరూ. ఊరకే నడుస్తాది" అన్నాడు ఆయన, నా చూపు కనిపెట్టి.

ఇప్పుడు నల్లదాన్ని వద్దనడానికి నాకో కారణం కావాలి. లెక్కల అయ్యవారికి కారణాలు తక్కువా? దాని మొహం మీద రోమన్ అంకెలున్నాయి. నాలుగు ఉండాల్సిన చోట నాలుగు నిలువు గీతలు గీసి ఉన్నాయి. నేను ఎగిరి గంతేశాను.

"సాయిబుగారూ, ఇది తప్పు! ఐదు గుర్తుకు ఎడమపక్కన ఒక గీత పెడితే నాలుగు. ఐదులోంచి ఒకటి తీసేసినట్టన్నమాట. ఇట్లా గీతలు గీసేది చాకలి పద్దులో!"

"నలభై ఏళ్ళుగా గడియారాలు విప్పుతుండా అయ్యోరూ. గీతలంకెల గడియారాల్లో నాలుగు ఇట్లనే ఉంటాది."

"నలభై ఏళ్ళు చూస్తే తప్పు ఒప్పవుతుందా?" అని, అక్కడున్న పలక తీసుకుని ఒకటి నుంచి పన్నెండు దాకా రాసి చూపించాను. తప్పుగా రాసిన వస్తువు ఒక ఉపాధ్యాయుడి ఇంట్లో ఉండకూడదని ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. తర్వాత గద్ద గడియారాన్ని కాగితాల్లో చుట్టి ఇచ్చాడు. మరి అమ్మ సంగతి? టిక్కుటిక్కుమనడం కూడా చప్పుడే గదా అని బస్సులో నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నా మాట నేను ఇట్టే నమ్మేస్తాను, అదొక జబ్బు.

గద్దను గోడకెక్కించాను. అమ్మ మంచం దిగి, తడుముకుంటూ వచ్చి దాని కింద గోడకానుకుని కూర్చుంది. నేను వీధిలోంచి ఒకసారి, గుమ్మంలోంచి ఒకసారి చూసుకుని మురిసిపోతున్నాను. చాలాసేపయింది.

"ఇంకా గంట కాలేదా నాయనా? కొట్టలేదే?" అంది.

"కొత్త చోటు గదమ్మా. సర్దుకోవాల" అన్నాను.

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. అమ్మ అది నమ్మి ఇంకో గంట కూర్చుంది. చివరికి నా భార్యే వంటింట్లోంచి వచ్చి, "దానికి గంట లేదత్తా, లే, నడుం పట్టేస్తాది" అని చెయ్యి పట్టుకుని లేపింది. నా వైపు ఒక చూపు చూసింది.

అమ్మ ఒక్క మాట కూడా తిట్టలేదు. "పోనీలే. చూడ్డానికి బాగుండాదా?" అని అడిగింది.

బాగుందని చెప్పాను. ఇంకేం చెప్పను?

సిగ్గు ఉన్నవాడైతే అక్కడితో ఆగేవాడు. నేను హెడ్మాస్టరు గారిని కాఫీకి పిలిచాను. ఆయన గద్దను చూసి "ఎక్కడిదండీ?" అన్నారు. నేను కాలు మీద కాలేసుకుని, "మా తాతగారి కాలం నాటిది" అన్నాను.

"ఏ తాతరా?" అని మంచం మీద నుంచి అమ్మ గొంతు ఖంగుమంది. "మీ తాత గడియారం యాడ చూసినాడు? గొడ్లకొట్టం నీడ చూసి గదా చేలోకి పోయేది!"

హెడ్మాస్టరు గారికి కాఫీ పొలమారింది. పాపం, పెద్దమనిషి, నా పరువు కాస్తయినా నిలబెడదామని, "ఏమైనా బళ్ళో నా గదిలో ఉన్న గడియారం కన్నా ఇదే నయం. అది ఒట్టి గీతల మయం. నాలుగేదో మూడేదో దూరం నుంచి తెలిసి చావదు" అన్నారు.

నాలుగేదో మూడేదో! అంటే అక్కడా నాలుగంటే నాలుగు గీతలేనా? మర్నాడు అందరికన్నా ముందు బడికి వెళ్ళి ఆయన గదిలో గోడ వైపు చూశాను. నాలుగు గీతలు. ఏడేళ్ళుగా రోజూ ఆ గడియారం కిందే నిలబడి హాజరు పట్టీలో సంతకం పెడుతున్నాను. టైము చూశానే గానీ, మొహం ఏనాడూ చూసిన పాపాన పోలేదు. సాయిబుగారి పలక మీద నేను రాసిన అంకెలు గుర్తొచ్చి చెవులు కాలిపోయాయి.

ఆదివారం పొద్దున్నే గద్దను దించి, చంకన పెట్టుకుని నెల్లూరు బస్సెక్కాను. నల్లగడియారం అమ్ముడుపోయి ఉంటుందేమోనని దారి పొడుగునా భయం. పోలేదు. ఆ మొహాన్ని ఎవరు కొంటారు?

సాయిబుగారు నన్ను చూసి కళ్ళజోడు పైకి నెట్టాడు. "ఏం అయ్యోరూ, నాలుగు దిద్దిపోడానికి వచ్చినారా?"

"తప్పు నాదే సాయిబుగారూ. మా అమ్మ గంట కోసం ఎదురుచూస్తోంది" అన్నాను. ఆయన నవ్వు ఆపేశాడు. గద్దను తీసుకుని నల్లదాన్ని ఇచ్చాడు. లోలకాన్ని విడిగా గుడ్డలో చుట్టి నా జేబులో తానే పెట్టాడు. "గోడకి సరిసమంగా తగిలించండి. ఉప్పుగాలి ఊరు, నూనె మరిచిపోవద్దు" అన్నాడు.

ఈసారి ఎదురుగోడ జోలికి పోలేదు. అమ్మ మంచం పక్కనే మేకు కొట్టాను. మూడున్నరకు ఒక్క గంట కొట్టింది. అమ్మ ఉలిక్కిపడి, "ఒకటేనా?" అంది. అరగంటకు ఒకటే కొడుతుందని చెప్పాను. నాలుగుకు మళ్ళీ కొట్టింది. ఒక్కో గంటకూ అమ్మ ఒక్కో వేలు మడిచింది. చివరి గంట మోత పూర్తిగా ఆగేదాకా నాలుగు వేళ్ళూ అలాగే బిగించి పట్టుకుంది. ఆమె మొహం చూసి నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ ఇది ఆమెకు ఇవ్వకుండా ఎందుకు ఆపానో ఇంక దాచలేక, పలక దగ్గర నుంచి హెడ్మాస్టరు గారి గది దాకా అంతా చెప్పేశాను.

"నువ్వు తప్పన్నది దీన్నేనా?" అంటూ అమ్మ మడిచిన వేళ్ళను నా మొహం ముందుకు చాపి ఒక్కొక్కటే విప్పింది. "ఒకటి, ఒకటి, ఒకటి, ఒకటి. అది కొట్టేదీ అట్లనే గదరా. ఐదుకి ఒకటి తక్కువని కొట్టే గంట యాడన్నా ఉండాదా?"

లెక్కల అయ్యవారు ఆ నాలుగు వేళ్ళనూ మళ్ళీ ఒకసారి లెక్కపెట్టుకున్నాడు.

అంతలో వంటింట్లోంచి నా భార్య, "అత్తా, టైమెంతయింది? పాలు తోడెయ్యాల" అని కేకేసింది.

అమ్మ వంటింటి వైపు తిరిగి కూర్చుంది. కొంగు సర్దుకుంది. తలగడ సర్దుకుంది. అప్పుడు తీరిగ్గా, ఊరంతా వినేట్టు అంది.

"ఇందాకే గదమ్మా కొట్టింది!"