రెండు మంచాలు వద్దు

నాచారంలో మేము అద్దెకున్న పై పోర్షనులో రెండు ఇనుప మంచాలు ఉండేవి. పడుకునే ముందు దగ్గరికి జరిపేవాళ్లం, లేవగానే చెరో గోడకు తోసేవాళ్లం. సెలవు రోజు మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చినా అదే పని. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, ఇద్దరం చెరో వైపు లాగేవాళ్లం. షాబాద్ బండల నేల మీద మంచాల కాళ్లు రాసుకుని తెల్లటి గీతలు పడుతున్నాయని ఒకరోజు గమనించి, హార్డ్‌వేర్ షాపు నుంచి రబ్బరు బుష్‌లు తెచ్చి కాళ్లన్నిటికీ తొడిగాను. గీతలు ఆగాయి, చప్పుడూ ఆగింది. నా ఇంజినీరింగ్ చదువు మొత్తానికి ఒక పనికి వచ్చిందని అతను నవ్వాడు.

అతను అంటే నా మనిషి. హబ్సిగూడలో ఒక ల్యాబులో టెక్నీషియన్. పేరు రాయను, ఎవరికి, ఎప్పుడు చెప్పుకోవాలో అతని ఇష్టం. నాది నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఉద్యోగం. ఫ్యాక్టరీల నుంచి వచ్చే కొలత పనిముట్లు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో పరీక్షించి చీటీ అతికించడం నా పని. తప్పు గేజీతో ఎన్నిసార్లు కొలిచినా తప్పే వస్తుంది. కానీ ప్రతిసారీ ఒకేలా వస్తుంది కాబట్టి నిజమనే అనిపిస్తుంది.

ఇల్లు దొరకడానికి ఇంటామెకు మేము బావ బామ్మర్దులమని చెప్పాం. పెళ్లికాని మగవాళ్లకు ఎవరూ ఇల్లివ్వరు, చుట్టాలంటే కొంచెం మెత్తబడతారు. మా వైపు స్నేహితులు కూడా బావా అనే పిలుచుకుంటారు కాబట్టి ఆ అబద్ధం నోటికి బరువనిపించలేదు. అతని ఇంటివాళ్లు ఆదివారం చర్చికి పోతారు, మా ఇంటివాళ్లు సమ్మక్క జాతరకు పోతారు. ఈ చుట్టరికం ఎట్లా కుదిరిందని ఆమె అడిగితే చెప్పడానికి ఒక మేనత్త ప్రేమ పెళ్లి కథ కూడా తయారుగా పెట్టుకున్నాం. ఆమె అడగలేదు. డాబా మీదికి దారి మా గది ముందు నుంచే కాబట్టి వడియాలకో, బట్టలకో రోజూ వచ్చిపోయేది. ఆమె కంట పడితే ఇల్లు పోతుంది. అందుకే బుష్‌లు.

విదేశం పోవాలన్న ఆలోచన ఈ మంచాల దగ్గరే పుట్టింది. సముద్రం, గుళ్లు, బజార్లు, అవన్నీ తర్వాత. ఒక వారం మంచం జరపకుండా ఉండే గది కావాలి. మనలాంటి వాళ్లను నేరస్థులనే చట్టం ఇక చెల్లదని కొన్నేళ్ల కింద ఢిల్లీ హైకోర్టు చెప్పింది కదా, ఇక్కడే గోవాకో ఊటీకో పోవచ్చు కదా అని అతను అన్నాడు. ఇక్కడ ఏ లాడ్జిలో అడిగినా ముందు రెండు మంచాల గది తాళమే ఇస్తారని, ఒకటే కావాలని గట్టిగా అడగడానికి ఏ కోర్టూ మన వెంట రాదని నేను అన్నాను.

వెబ్‌సైట్లలో గే ఫ్రెండ్లీ అని రాసేవాళ్లు. దానికి తెలుగు మాట వెతికాను, దొరకలేదు. నేనే ఒక నిర్వచనం పెట్టుకున్నాను: గది ఇచ్చేవాడు మంచం గురించి మారు ప్రశ్న వేయకూడదు. ఎక్సెల్ షీటు తీసి దేశాలు రాశాను. మనలాంటి వాళ్లను జైల్లో పెట్టే దేశాలు మొదట కొట్టేశాను; సింగపూరు, మలేషియా, దుబాయి అట్లా పోయాయి. మా ఆఫీసులో సగం మంది హనీమూన్ ఫోటోలు అక్కడివే. వీసా కోసం పెళ్లయిందా, ఆస్తులున్నాయా అని గుచ్చి అడిగే దేశాలు తర్వాత పోయాయి. అన్నం దొరకని చోటికి తను రానన్నాడు. చివరికి థాయిలాండ్ మిగిలింది.

అసలు తంటా అక్కడ మొదలైంది. హైదరాబాదులో ఇద్దరు మగవాళ్లు బ్యాంకాక్ పోతున్నామంటే ఎవరూ ఇంకేం అడగరు, నవ్వుతారు. లీవు కోసం అడిగితే మా మేనేజరు కన్నుగీటి సంతకం పెట్టాడు. క్యాంటీన్లో ఒకతను పెళ్లికి ముందే పోయిరావాలె బావా, తర్వాత పంపరు అని వీపు తట్టాడు. ఇంటామెకు చెబితే, జాగ్రత్త కొడుకా, అక్కడ ఆడోళ్లు మంచోళ్లు కాదట అని హెచ్చరించింది. అడగకుండానే అందరూ మాకు ఒక అబద్ధం ఇచ్చారు. ఊరికే వచ్చింది, సైజు కూడా సరిపోయింది. తొడుక్కుంటే ఏ ఇబ్బందీ ఉండదు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. అమ్మాయిల కోసం పోతే మగతనమట. ఏడేళ్లుగా నాతో ఉన్న మనిషితో పోతే నేరమట.

హబ్సిగూడలో ఒక కోచింగ్ సెంటర్ మీది అంతస్తులో ట్రావెల్ ఏజెంటు ఉండేవాడు. నలభై దాటిన మనిషి, మాటకారి. మేం కూర్చోగానే బ్యాచిలర్ ప్యాకేజీ కాగితం ముందు పెట్టాడు. గ్రూపు, బస్సు, సాయంత్రం షోలు. నాకు అది వద్దని, సముద్రం పక్క హోటల్లో కపుల్ ప్యాకేజీ కావాలని చెప్పాను.

“కపుల్ అంటే మొగుడు పెళ్లాలకు తమ్మీ.”

“మాకే అన్నా. మేమిద్దరం కపులే.”

నా మనిషి బల్ల కింద నా మోకాలు గట్టిగా పట్టుకున్నాడు. ఏజెంటు ఫ్యాను వైపు చూశాడు, క్యాలెండరు వైపు చూశాడు. తర్వాత పెన్ను తీసుకుని, పాస్‌పోర్టులు ఉన్నాయా అని అడిగాడు. నేను మెట్లు రెండేసి చొప్పున దిగాను. అతను మాత్రం ఎవరైనా విన్నారేమోనని వెనక్కి చూసుకుంటూ దిగాడు.

ఆ డిసెంబరులోనే, హైకోర్టు ఇచ్చిన ఆ పాత తీర్పును ఢిల్లీలో పై కోర్టు కొట్టేసింది. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర చాయ్ తాగుతూ టీవీలో చూశాం. అడుగున ఒక గీతలా వార్త జరిగిపోయింది. హోటల్లో అందరూ తెలంగాణ బిల్లు గురించి వాదించుకుంటున్నారు. వస్తది, రాదు, వచ్చి తీరుతది. ఆ వాదనలో మామూలుగా నేనూ దూరేవాణ్ని. ఆ రోజు సాసర్లో చాయ్ చల్లారిపోయింది. మళ్లీ నేరస్థులమయ్యామని మా పక్క బల్లవాడికి కూడా తెలియదు.

ఇంటికొచ్చాక అతను రెండు మంచాల గదికి మార్పించమన్నాడు. ఇద్దరి పేర్లు, ఒకే మంచం, ముద్ర వేసిన కాగితం. ఎయిర్‌పోర్టులో ఎవడైనా చూసి ఆపితే తన ఉద్యోగం ఏం కావాలి, అమ్మకు చర్చిలో తల ఎట్లా నిలవాలి అన్నాడు. ఆ కోర్టుకు భయపడి అక్కడ కూడా మంచాలు లాగుకుంటామా అని నేను అరిచాను. కొన్ని రోజులు మంచాలు చెరో గోడకే ఉండిపోయాయి, జరిపే పని తప్పింది. మార్పించమని మాత్రం నేను ఫోను చేయలేదు.

ఫిబ్రవరి చివర్లో కాగితాలు వచ్చాయని ఏజెంటు పిలిచాడు. అతను కూడా వస్తానన్నాడు. హోటలు వోచరు మొదట అతని చేతికే వచ్చింది. చదివి, నా ముందు పెట్టాడు. గది ఒకటి, మంచాలు రెండు. మేము అడక్కుండానే ఏజెంటు మార్చేశాడు.

“మీ మంచికోసమే జేసిన తమ్మీ,” అన్నాడు. “కోర్టు గట్ల జెప్పినంక ఎందుకు లొల్లి? ఇద్దరు దోస్తులు పోయిన్రు, వచ్చిన్రు. ఎవ్వనికీ అనుమానం రాదు.”

ఏజెంటు స్వరంలో వెటకారం లేదు. నిజంగానే మమ్మల్ని కాపాడుతున్నాననుకున్నాడు. నేను నోరు తెరిచేలోపు, రెండు నెలలుగా ఇదే అడుగుతున్న నా మనిషి ఆ కాగితాన్ని మెల్లగా బల్ల మీద అటు తోశాడు.

“రెండు మంచాలు మా ఇంట్లనే ఉన్నయ్ అన్నా. గంత దూరం పోయి మళ్ల జరుపుకోవాల్నా?”

ఏజెంటుకు అర్థం కాలేదు. నాకు అయింది.

“మార్చు,” అన్నాడు అతను. “మారేదాకా ఈడనే కూసుంటం.”

కూర్చున్నాం. కింద కోచింగ్ పిల్లలు సూత్రాలు వల్లెవేస్తున్నారు. ఏజెంటు హోటలుకు మెయిలు పెట్టాడు, ఫోను చేశాడు, వాడి ఇంగ్లీషు వీడికి, వీడి ఇంగ్లీషు వాడికి అర్థం కాక కాసేపు అవస్థపడ్డాడు. అవతలివాడు ఒక్కటే అడిగాడట: మంచం మీద పూలు పెట్టమంటారా? ఏజెంటు రిసీవరు మీద చెయ్యి అడ్డం పెట్టి, తల వంచుకుని మమ్మల్ని అదే అడిగాడు. పెట్టమను, అన్నాడు అతను.

ఆ మధ్యాహ్నం ఇంటికి రాగానే నేను కటింగ్ ప్లయరు, బైండింగ్ తీగ తీశాను. రెండు మంచాలూ గది మధ్యకు చేర్చి, లోపలి కాళ్లు పక్కపక్కన పెట్టి, తీగతో కట్టడం మొదలుపెట్టాను. అతను తలుపు మూయలేదు. నేనూ మూయమనలేదు.

ఎండబెట్టిన మిరపకాయలు ఎత్తడానికి ఇంటామె మెట్లెక్కి వచ్చింది. గుమ్మం ముందు ఆగి చూసింది.

“ఏంది కొడుకా, గోడలకు సున్నాలేసేటందుకు జరిపిన్రా?”

ఇంకో అబద్ధం, ఊరికే వచ్చింది. అవునంటే అయిపోయేది.

“కాదాంటీ. మేం గిట్లనే పండుకుంటం.”

ఆమె తీగ వైపు చూసింది, అతని వైపు చూసింది.

“బావ బామ్మర్దులంటిరి గదా.”

“ఇల్లియ్యరని అట్ల జెప్పినం. బావ బామ్మర్దులం కాదు. ఇద్దరం ఒక్కటై బతుకుతున్నం.”

చేతిలోని ఖాళీ చాటను చంకలో పెట్టుకుంది. ఆ తర్వాత డాబా మీదికి పోయింది. మిరపకాయలు చాటలోకి దోస్తున్న గరగర వినిపిస్తూ ఉంది. తిరిగి వచ్చేటప్పుడు మా గది వైపు చూడకుండా దిగిపోయింది. కింద తలుపు పడిన చప్పుడైంది. ఇల్లు ఉంటుందో పోతుందో తెలియదు. కాప్రా వైపు ఇంకో ఇల్లు వెతకాలి అనుకున్నాను.

అతను మంచం మీద కూర్చుని అటూ ఇటూ కదిలి చూశాడు.

“ఇంకొక చుట్టు వెయ్యి,” అన్నాడు. “జర ఊగుతున్నది.”