ఖాలూ వచ్చే వేళ బాస్మతి వాసన

ఆ రోజుల్లో నాకు భయమంటే తెలియదని నేనే ఊరంతా చెప్పుకునేదాన్ని. జువాలజీ డిగ్రీ కొత్తగా చేతికొచ్చింది. జూకొచ్చే బడిపిల్లల్ని వెంటేసుకుని జంతువుల సంగతులు చెప్పే కొలువు దొరికింది. ఏ రెండు పులుల చారలూ ఒక్కలా ఉండవనీ, ఎలుగుబంటి పుట్టలో మూతి పెట్టి చెదలను పీల్చేస్తుందనీ గొంతు చించుకునేదాన్ని. (బోనుకు ఇవతల నిలబడితే ఎవరికైనా ధైర్యం వస్తుంది.) సాయంత్రం సైదాబాద్‌లో ఇంటికి చేరాక మాత్రం, పై గదికి వెళ్ళే మెట్ల వైపు చూడకుండా వడివడిగా లోపలికి పోయేదాన్ని.

ఇల్లు ఖాలాది, అంటే నేను పిన్నిలా చూసుకునే ఇంటావిడది. అమ్మా నేనూ ఆమె పక్క వాటాలో కిరాయికుండేవాళ్ళం. నా చిన్నప్పుడు అమ్మ కొలువుకు పోతే నాకు అన్నం తినిపించింది ఖాలాయే. ఆమె భర్తను ఖాలూ అనేదాన్ని. పెళ్ళిళ్ళకు బిర్యానీ వండేవాడు. గల్లీ మొదట్లో ఉండగానే ఆయన బట్టలకంటిన బిర్యానీ వాసన ఇంటికి చేరేది. ఆయన పోయాక పై గదికి తాళం పడింది. కొన్నాళ్ళకు, సరిగ్గా దీపాలు పెట్టే వేళకు, తాళం వేసిన ఆ గదిలోంచి అప్పుడే దమ్ దించిన బాస్మతి అన్నం వాసన రావడం మొదలైంది. తర్వాత పైన ఎవరో మెత్తగా, ఆగి ఆగి నడిచే చప్పుడు.

ఖాలా భయపడలేదు. ఆమెకు అది పండగ. ప్రతి జుమేరాత్, అంటే గురువారం, సాయంత్రం పోయిన ఖాలూ పేరు మీద ఫాతెహా ప్రార్థన చదివించి, పండ్లు అందరికీ పంచి, ఆయనకు ఇష్టమైన సపోటా ఒకటి పై గది కిటికీ గూట్లో పెట్టి వచ్చేది. తెల్లారేసరికి గూట్లో గింజలే మిగిలేవి.

"ఫికర్ జెయ్యకు బహెన్, మా ఆయనే," అనేది అమ్మతో. అమ్మకు అక్కడే చెమటలు పట్టేవి. "ఒకటో తారీకుకు ఖాళీ జేద్దాం. దయ్యంతోని సంసారం నాతోని గాదు," అంది నాతో. ఆ మాట గోడ దాటింది. ఖాలా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "మీరు పోతే గీ ఇంట్ల నాతోని మాట్లాడేటోళ్ళెవరు బిడ్డా?"

ఆమెను అలా ఒంటరిగా వదిలేసి పోవడం నాకు చచ్చినా ఇష్టం లేదు. అందుకని, పైన దయ్యం లేదని అమ్మకు చూపిద్దామని, మరుసటి జుమేరాత్ నాడు పొద్దుగూకే వేళ మసీదు నుంచి మగ్రిబ్ నమాజుకు అజాన్ వినబడుతుండగా తాళంచెవి తీసుకుని మెట్లెక్కాను. తలుపు తీయగానే వాసన గుప్పున ముఖానికి కొట్టింది. మూలన బోర్లించిన ఖాళీ బిర్యానీ దేగ్‌లు, ఆ పెద్ద గిన్నెలు, కొక్కేనికి ఖాలూ కుర్తా. గాలి లేదు, అయినా కుర్తా అంచు ఊగుతోంది. అటక మీద ఏదో కదిలింది. ఫోన్ లైటు పైకెత్తితే, చీకట్లో రెండు కళ్ళు నన్నే చూస్తున్నాయి. వాటి వెనక పొడుగాటి నల్లని తోక మెల్లగా కిందికి జారి, మళ్ళీ కుర్తాను తాకింది.

మానుపిల్లి! చెట్ల మీద తిరిగే, పునుగుపిల్లి జాతి జంతువు. పరీక్షలో దాని గురించి రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని, ఎదురుగా చూసి మాత్రం "అమ్మా!" అని అరిచి మెట్లన్నీ కూర్చునే దిగాను.

ఊపిరి కుదుటపడ్డాక నా కొలువు గుర్తొచ్చింది. అమ్మనూ ఖాలానూ కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాను. ఆ బాస్మతి వాసన దాని ఒంట్లోని గ్రంథుల నుంచి వస్తుందనీ, తిరిగిన చోటల్లా దాన్ని పూసి పోతుందనీ చెప్పాను.

"మా ఆయన గూడ గంతే," అంది ఖాలా.

"పగలంతా పడుకుంటది ఖాలా, చీకటి పడ్డంక బయటికి పోతది."

"గంతే గద! రాత్రంత దేగ్‌ల కాడ, పగలంత నిద్ర."

"తియ్యటి పండ్లంటే పానం. నిద్రల లేపితే గుర్రుమంటది."

"అల్లా కసం, ఆయనే!"

"కాదు ఖాలా, అడవి జంతువు. ఒక్కటే ఉంటది, జోడు లేకుండ."

ఖాలా నవ్వు ఆగిపోయింది. "ఒక్కడేనా? యాడ ఉంటడు పాపం?"

పెద్ద చెట్ల తొర్రల్లో ఉంటుందనీ, చెట్లు లేకపోతే ఇళ్ళ అటకలెక్కుతుందనీ చెప్పాను. "ఎనక చింతచెట్టు కొట్టేసిండ్రు గద. గింక యాడికి పోతడు? ఉండనియ్యి," అంది. అమ్మ కూడా, "దయ్యం గాదు గద, సాలు," అని సామాన్లు సర్దడం మానేసింది. మేం ఆ ఇంట్లోనే ఉండిపోయాం.

నిరుడు ఖాలా కూడా వెళ్ళిపోయింది. ఆమె పోయాక వచ్చిన మొదటి జుమేరాత్, సపోటా పట్టుకుని నేనే పైకి వెళ్ళాను. అదే వాసన. ఏళ్ళు గడిచాయి కదా, ఇది అదేనో, దాని పిల్లో తెలియదు. లైటు ఎత్తాను. అటక మీద నాలుగు కళ్ళు.

ఇది జతకట్టే కాలమై ఉంటుందని నా డిగ్రీ లోపల్నుంచి చెబుతూనే ఉంది. మానుపిల్లి ఒక్కటే ఉంటుందని ఇన్నేళ్ళుగా పిల్లలకు చెబుతూ వచ్చినదాన్ని, ఈసారి అరవలేదు. కిందికి వెళ్ళి ఇంకో సపోటా తెచ్చి గూట్లో పెట్టాను.