బిక్కి బంకతో నేను కాచిన సారా

మా ఇంటి వెనక వసారాలో నేను సారా కాచానని తిరువూరులో సగం మంది ఇప్పటికీ నమ్ముతారు. మిగతా సగం మంది, కాచింది సారా కాదు, అంతకన్నా ఘోరమైనదేదో అని నమ్ముతారు. నిజానికి ఈ రెండోవాళ్ళే కాస్త దగ్గరగా ఉన్నారు. జరిగి రెండేళ్ళయింది. కోపం మాత్రం ఇంకా పొయ్యి మీద నుంచి దింపినంత వేడిగానే ఉంది. పిల్లలిద్దరూ పడుకున్నారు. మధ్యమధ్య లేచి వాళ్ళ ముక్కు దగ్గర చెయ్యి పెట్టి, ఊపిరి ఆడుతోందని నమ్మకం కుదిరాక వచ్చి మళ్ళీ రాస్తున్నాను. మీరు నవ్వుకోండి. ఈ ఊళ్ళో నన్ను చూసి నవ్వినవాళ్ళెవరూ నా అనుమతి అడగలేదు, మీరు మాత్రం ఎందుకు అడగాలి?

మాది పచారీ కొట్టు. వీధివైపు కొట్టు, దాని వెనక ఇల్లు, ఆ వెనక వసారా. కెమిస్ట్రీ చదివి బి.ఎస్సీ. ప్యాసై ఆ ఇంట్లో అడుగుపెట్టాను. "మా కోడలు ఉత్త బియ్యే కాదమ్మా, బియ్యస్సీ" అని మా అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. అదేమిటో ఆవిడకు తెలియదు. దాన్ని ఏం చేసుకోవాలో నాకూ తెలియదని తర్వాత తేలింది.

మా పెద్దది చిట్టికి అప్పుడు ఏడో నెల. మూడు రోజులుగా ఒకటే ఏడుపు. పాలకు నోరు పెట్టడం, రెండు గుక్కలు తాగడం, నేను వేపరసం పోసినట్టు మొహం తిప్పేసుకోవడం. ఒళ్ళు కాస్త వెచ్చన. చొంగకు రోజుకు నాలుగు చొక్కాలు. కొట్టులో బెల్లం తూచే పెద్ద తక్కెడలో దాన్ని కూర్చోబెట్టి పొద్దునా సాయంత్రం తూచేదాన్ని. మూడోనాటికి పావుశేరు తగ్గింది. బేరానికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన హాస్యానికి "శేరెంతమ్మా?" అన్నాడు. నేను చూసిన చూపుకు ఆయన ఉప్పు కొనడానికి కూడా మళ్ళీ మా కొట్టుకు రాలేదు.

ఆస్పత్రి డాక్టరుగారు సెలవు మీద ఊరెళ్ళారు. మా అత్తగారికి ఆ విషయమై ఏ విచారమూ లేదు.

"పళ్ళొచ్చే కాలం అమ్మాయ్. కాస్త బిక్కి బంక అరగదీసి చిగుళ్ళకి రాస్తే సరి. మీ ఆయన్ని దాంతోనే పెంచాను" అన్నారు.

"పళ్ళు కాదు అత్తయ్యా, కడుపులో నులిపురుగులు. లక్షణాలన్నీ వైద్యం పుస్తకంలో ఉన్నాయి."

"పుస్తకంలో ఉంటాయేమో. పిల్ల నోట్లో ఏముందో వేలు పెట్టి చూస్తానుండు."

"వేలా! ఇప్పుడే ఆ వేలితో చింతపండు పిసికారు. క్రిములుంటాయి అత్తయ్యా! ఇవాళ్టి నుంచి ఈ పిల్ల నోట్లో ఎవ్వరూ వేలు పెట్టడానికి వీల్లేదు!"

ఆ శాసనాన్ని నేనూ తు.చ. తప్పకుండా పాటించాను. ఇది గుర్తుపెట్టుకోండి. తర్వాత పనికొస్తుంది.

బిక్కి చెట్టు ఎరగనివాళ్ళ కోసం ఒక మాట. కొండల వైపు అడవుల్లో పెరుగుతుంది. పువ్వు తెల్లగా పూసి, పోనుపోను పసుపు తిరుగుతుంది. దాని వాసనకు కళ్ళు మూతలు పడతాయి. అదే చెట్టు లేత కొమ్మల కొసన కారే బంక వాసనకు కళ్ళు తిరుగుతాయి. పిల్లి పదిసార్లు పాడుచేసిన గోనెసంచిని వానలో నానబెట్టి మీ మొహం మీద కప్పినట్టు ఊహించుకోండి. మా కొట్టులో ఆ డబ్బా మూత తీస్తే బేరాలాడేవాళ్ళు చెప్పిన ధర ఇచ్చి పారిపోయేవారు. బంకలో పుల్లలు, బెరడు ముక్కలు, ఎప్పుడో అంటుకుపోయిన చీమలు. దీన్నా నా బిడ్డ నోట్లో పెట్టడం?

అలాగని తోసిపుచ్చడానికీ లేదు. నా కాలేజీ నోటుపుస్తకంలోనే ఆ బంక గురించి రాసి ఉంది. రెసిన్లున్నాయి, వాసన కొట్టే తైలముంది, వేడి స్పిరిట్‌లో కరిగించి చల్లారనిస్తే 'గార్డెనిన్' అనే పదార్థం పసుపుపచ్చని సూదుల్లా పేరుకుంటుంది. నాకు దారి దొరికింది.

"ఈ మురికంతా తీసేసి, లోపలి మందును మాత్రం విడదీసి ఇస్తాను అత్తయ్యా."

"ఏదమ్మాయ్ లోపలి మందు?"

"పచ్చటి సూదులొస్తాయి."

"నెప్పి తగ్గించేది ఆ సూదులేనా?"

నేను నోటుపుస్తకం తిరగేశాను. ముందుకు తిరగేశాను, వెనక్కి తిరగేశాను. బంకలో ఏమేం ఉన్నాయో ఉంది. అందులో ఏది మందో మాత్రం లేదు.

"అయ్యుండచ్చు" అన్నాను.

"లేకపోతే వాసనదేమో. లేకపోతే రెండూ కలిస్తేనేమో. తెలియని దాన్ని విడదీసి, పారబోసేదేదో ఉంచుకునేదేదో ఎట్లా తెలుస్తుంది?"

ఎనిమిదో క్లాసు మొహం చూడని మనిషి, నా ప్రొఫెసరు కూడా అడగని ప్రశ్న అడిగింది. నాకు ఒళ్ళు మండిపోయింది. జవాబు లేనప్పుడు మండినంతగా ఒళ్ళు ఇంకెప్పుడూ మండదు.

పుళ్ళు తుడవడానికని చెప్పి కాంపౌండరుగారి దగ్గర ఒక సీసా స్పిరిట్ తెప్పించాను. మా వారు ప్రయాణాలకు తీసుకెళ్ళే ఇత్తడి మరచెంబు మూతకు చిల్లు పొడిపించాను. నా పురుటినాటి ఎనిమా డబ్బా రబ్బరు గొట్టాన్ని గంటసేపు నీళ్ళలో ఉడకబెట్టి ఆ చిల్లులో దూర్చాను. అతుకులకు గోధుమపిండి ముద్ద మెత్తాను. స్పిరిట్‌ను నేరుగా నిప్పు మీద పెట్టకూడదని తెలుసు కాబట్టి, మరిగే నీళ్ళగిన్నెలో చెంబును కూర్చోబెట్టాను. గొట్టాన్ని చన్నీళ్ళ బాల్చీలోంచి తిప్పి, దాని రెండో కొస ఖాళీ సీసాలో పెట్టాను. ఎగిరిపోయే స్పిరిట్ వృథా కాకూడదుగా! చిట్టికి ఆ పొగ తగలకుండా గోడవతలి ఫాతిమమ్మకు అందించి, "నోట్లో వేలు మాత్రం పెట్టకు" అని వంద జాగ్రత్తలు చెప్పాను. వాళ్ళాయన బస్సు డ్రైవరు. ఫాతిమమ్మ నాకు తోబుట్టువు లాంటి మనిషి.

మీకిప్పటికే అర్థమై ఉంటుంది. నాకు కాలేదు. మన వైపు మద్యనిషేధం. నాలుగడుగులు వేస్తే అవతల నైజాం పొలిమేర, అక్కడ నిషేధం లేదు. అందుకని అటు నుంచి సరుకు రాకుండా కాపలా కాసే జవాన్లు మా ఊరి వీధుల్లో ఎప్పుడూ ముక్కులు ఎగబీలుస్తూ తిరుగుతుంటారు.

చెంబు వేడెక్కింది. వాసన లేచింది. మొదట గోడవతల నుంచి ఫాతిమమ్మ అరిచింది. "అక్కా, మీ అటక మీద పిల్లి గానీ చచ్చిందా?"

తర్వాత మా వారు ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని పరుగెత్తుకొచ్చారు. "ఏంటే ఇది? కొట్టు ముందు ఒక్కడు నిలబడట్లేదు!"

"కండెన్సరు."

"నా మరచెంబే అది!"

"మీ కూతురు చిక్కి సగమైంది. మీకు చెంబు కావలసివచ్చిందా?" అని నేను విరుచుకుపడ్డాను.

అప్పుడే ఆయన వెనక నుంచి ఖాకీ నిక్కరు, మీసాలు, లాఠీ వరసగా లోపలికొచ్చాయి. జవాను వక్కపొడి కొందామని కొట్టుకొచ్చి, వాసన పట్టుకుని నేరుగా వసారాలోకి నడిచాడట. చెంబు చూశాడు. పిండి మెత్తిన అతుకులు చూశాడు. గొట్టం, బాల్చీ, సీసాలో టప్పుటప్పుమని పడుతున్న చుక్కలు చూశాడు. దారిలో బెల్లం బస్తాలు ఎలాగూ చూసే వచ్చాడు.

"శెట్టిగారూ! నా సర్వీసులో ఇంత పద్ధతిగా పెట్టిన బట్టీ చూళ్ళేదండీ" అన్నాడు.

నిజం చెప్తాను, ఒక్క క్షణం నాకు గర్వం కలిగింది. నా ప్రాక్టికల్ పరీక్షలో కూడా ఎవరూ అంత మెచ్చుకోలేదు.

"అది మందు!" అన్నాను.

"అందరూ మందనే అంటారమ్మా."

"పసిపిల్లకి!"

"పసిపిల్లకా!" జవాను రెండు చెవులూ మూసుకున్నాడు.

మా అత్తగారు అడ్డంపడ్డారు. "మర్యాదగా మాట్లాడు నాయనా. మా కోడలు బియ్యస్సీ!"

"అందుకే ఇంత పనితనం" అన్నాడు వాడు.

చెంబు మూత తీసి ముక్కు పెట్టి చూశాడు. మీసాలు రెండూ రెండు దిక్కులకు పోయాయి. "ఇది... ఇది తాగేవాడు మా తాలూకాలో లేడు. అయినా రిపోర్టు రాయాలి. పిల్లకి మందంటున్నారుగా, ఏదీ ఆ పిల్ల?"

ఫాతిమమ్మ చిట్టిని ఎత్తుకుని పెరటి గుమ్మంలోంచి వచ్చింది. "అక్కా, నా కొంగు అంగుళం మిగల్చకుండా నమిలేసింది చూడు" అంది. చిట్టి ఎర్రగా ఏడ్చిన మొహంతో జవాను మీసాల వంక చూసింది. ఏడుపు ఆపింది. ఆయన ఎంత జవానైనా మనిషేగా, గడ్డం కింద గిలిగింతలు పెట్టబోయాడు. అది లటుక్కున ఆ చూపుడువేలు రెండు చేతులా పట్టుకుని నోట్లోకి లాక్కుంది.

"వేలు తీయండి! క్రిములు!" నేను కేక పెట్టాను.

"నేను పెట్టలేదమ్మా, ఆవిడే లా... అబ్బా!"

వేలు బయటికొచ్చింది. కొస మీద చిన్న గాటు.

"పన్ను!" అన్నారు మా అత్తగారు.

అందరూ చిట్టి నోట్లోకి వంగి చూశారు. జవాను చూశాడు, ఫాతిమమ్మ చూసింది, మా వారు చూశారు. కన్నతల్లిని, నాకు అందరికన్నా ఆఖరున చోటు దొరికింది. కింది చిగురులో బియ్యపు నూక అంత తెల్లటి పన్ను. మూడు రోజులు నా బిడ్డ చెప్పినదంతా అదే. నేను పుస్తకం తెరిచాను, చెంబు తెరిచాను, స్పిరిట్ సీసా తెరిచాను. దాని నోరు తెరిచి చూడలేదు.

"డ్యూటీలో ఉన్న సర్కారు మనిషి మీద దాడి" అన్నాడు జవాను వేలు ఊదుకుంటూ. "రాస్తే ముద్దాయి ఈవిడే." అని, కేసూ గీసూ లేకుండా వక్కపొడి పొట్లం పుచ్చుకుని వెళ్ళిపోయాడు. ఊరంతా చెప్పాడు మాత్రం.

మా అత్తగారు డబ్బాలోంచి శనగబద్దంత బంక తీసి, పాలతో సానమీద రెండు తిప్పులు తిప్పి చిగురుకు రాశారు. నేను వద్దనలేదు. కనీసం చేతులు కడుక్కోమని మాత్రం అన్నాను. ఆవిడ కడుక్కున్నారు. చిట్టి పొట్టనిండా పాలు తాగి మర్నాడు పొద్దున దాకా పడుకుంది. బంకకు తగ్గిందో, పన్ను బయటపడ్డందుకు తగ్గిందో, జవాను వేలు కొరికిన తృప్తికి తగ్గిందో నాకు తెలియదు. ఏ నోటుపుస్తకంలోనూ లేదు.

అసలు కోపం ఎక్కడంటే, చెంబు చల్లారాక అడుగున నిజంగానే పేరుకున్నాయి. పసుపుపచ్చని సన్నటి సూదులు, ఎండలో మెరుస్తూ! మా ఊళ్ళో అలాంటివి ఇంకెవరు చూసి ఉంటారు? చూపిద్దామని అందరినీ పిలుచుకొచ్చేలోగా మా అత్తగారు చెంబును బూడిదతో తళతళలాడేలా తోమేశారు. అయినా వాసన పోలేదు. ఇప్పటికీ మా వారు ఆ చెంబు పట్టుకుని ప్రయాణానికి వెళ్తే బస్సులో ఆయన పక్క సీటు ఖాళీగా ఉంటుంది.

కాబట్టి ఆ మరచెంబు సాక్షిగా, దాని మూతకున్న చిల్లు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో బిక్కి బంకను కాచను, కరిగించను, విడదీయను. నా బిడ్డ ఏడిస్తే పుస్తకం తెరిచేముందు దాని నోరు తెరిచి, స్వయంగా వేలు పెట్టి చూస్తాను.

మా చిన్నదానికి ఇప్పుడు ఎనిమిదో నెల. నిన్నటి నుంచి చొంగ. ఇవాళ సాయంత్రం సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కుని, మాట ప్రకారం వేలు పెట్టి చూశాను. అక్షరాలు వంకరగా ఉన్నందుకు మన్నించండి. కుడిచేతి చూపుడువేలికి గుడ్డ చుట్టుకుని రాస్తున్నాను.